తెలుగులో క్రిస్మస్ ప్రేమ నవలిక: కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పండుగ సెలవుల్లో ఒకే విడతలో చదివి ముగించగల తేలికపాటి ప్రేమ నవలిక ఆంగ్ల సాహిత్య విపణిలో క్రిస్మస్‌తో ముడిపడి స్థిరపడిన ప్రక్రియ. తెలుగులో ఇటువంటి నవలికకు అవసరమైన పత్రికలు, ప్రచురణ సంస్థలు, పాఠకవర్గం విజయవాడ కేంద్రంగా దశాబ్దాలపాటు ఉన్నాయి. క్రిస్మస్‌ను ఇంటి పండుగగా, వాడ పండుగగా జరుపుకొనే సమాజం కూడా కృష్ణా డెల్టాలో ఉంది. అయినా ఈ రెండూ కలిసి ఒక నవలా సంప్రదాయంగా రూపొందలేదు. తెలుగు ప్రేమకథ పండుగను ఎవరి లోగిలిలో నిలిపిందన్న ప్రశ్నలోనే దీనికి కారణం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా', చక్రపాణి రచనగా వచ్చిన 'మిస్సమ్మ' చిత్రం, జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' నవల, బైబిలులోని రూతు గ్రంథం ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రేమ నవల, నవలిక, క్రిస్మస్, సంక్రాంతి, కృష్ణా డెల్టా, దళిత క్రైస్తవ జీవితం, మిస్సమ్మ, రూతు.

1. ఉపోద్ఘాతం:

చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' 1843 డిసెంబరు 19న, అంటే పండుగకు ఆరు రోజుల ముందు, లండనులో వెలువడింది. 1848 నాటికి ఆయన మరో నాలుగు క్రిస్మస్ పుస్తకాలు ప్రకటించాడు. పండుగ తేదీని బట్టి పుస్తకం నిడివి, ధర, ముఖచిత్రం, ముగింపు నిర్ణయమయ్యే పద్ధతి ఆంగ్ల ప్రచురణరంగంలో ఆ దశాబ్దంలో బలపడింది. 1908లో లండనులో ఏర్పడిన మిల్స్ అండ్ బూన్ సంస్థ కాలక్రమంలో ప్రేమ నవలకే మారుపేరుగా నిలిచింది. డికెన్స్ నేర్పిన పండుగ గడువు, ప్రేమ నవల నేర్పిన కథాక్రమం కలిసినప్పుడు నేడు ఏటా డిసెంబరులో విరివిగా వెలువడే క్రిస్మస్ ప్రేమ నవలిక పుట్టింది.

దాని కథాక్రమం సుపరిచితం. మహానగరంలో ఉద్యోగం చేసే యువతి సొంత ఊరికి తిరిగివస్తుంది. మంచు కురిసి దారులు మూసుకుపోతాయి. మూతపడబోతున్న ఒక రొట్టెల దుకాణమో పుస్తకాల దుకాణమో ఉంటుంది. మొదటి చూపులోనే ఆమెకు చిరాకు తెప్పించిన యువకుడు అక్కడే తారసపడతాడు. ఇరవై నాలుగో తేదీ రాత్రికి ఇద్దరి మధ్య అపార్థాలు తొలగిపోతాయి. ఏం జరుగుతుందో పాఠకురాలికి ముందే తెలుసు. తెలిసిన ముగింపు వైపు నడిచే దారిలోని ఆనందమే ఆమె కోరుకునేది. జానిస్ రాడ్‌వే 1984లో ప్రకటించిన 'రీడింగ్ ద రొమాన్స్' గ్రంథంలో ప్రేమ నవలలు చదివే స్త్రీలతో మాట్లాడి, ఇంటిపని నడుమ తమకంటూ కొంత సమయాన్ని దక్కించుకునే చర్యగా ఆ పఠనాన్ని వివరించింది. తెలుగులో వారపత్రిక కోసం ఎదురుచూసిన తరానికి ఈ వివరణ కొత్తగా తోచదు.

ఈ ప్రక్రియలో పండుగ కథను నడిపే యంత్రం. అది గడువు విధిస్తుంది. చెదిరిన బంధువులందరినీ ఒకే కప్పు కిందికి చేరుస్తుంది. వీటికన్నా ముఖ్యంగా, సంతోషంగా ఉండడానికి పాత్రలకు అనుమతి ఇస్తుంది. ఈ మూడో పనే ప్రస్తుత పరిశీలనకు కీలకం. ఎందుకంటే కథలో సంతోషంగా ఉండే అనుమతి అన్ని సమాజాలకూ సమానంగా లభించలేదు.

2. బెజవాడ అచ్చులో పండుగ నవలిక:

పండుగకు సాహిత్యాన్ని జతచేయడం తెలుగు పత్రికలకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక ఉగాది సంచికలతో ఆ సంప్రదాయానికి గౌరవప్రదమైన రూపం వచ్చింది. తరవాతి కాలంలో యువ, జ్యోతి వంటి మాసపత్రికల దీపావళి ప్రత్యేక సంచికల కోసం పాఠకులు ఏడాదంతా ఎదురుచూసేవారు. విజయవాడ నుంచి వెలువడే స్వాతి మాసపత్రిక నెలనెలా అనుబంధ నవలను అందించింది. 1978లో మొదలైన చతుర నెలకొక పూర్తి నవలను సంచికగా ఇచ్చింది. ఒక మధ్యాహ్నం లేదా ఒక రైలు ప్రయాణంలో ముగిసే నిడివికి తెలుగు రచయితలు, రచయిత్రులు అలవాటుపడింది ఈ పత్రికల వల్లనే. బందరులో పుట్టి విజయవాడలో విస్తరించిన ఎమెస్కో చౌకధరల పుస్తకాలు ఆ కథలను ఇంటి అలమరలలోకి చేర్చాయి.

ఈ వ్యవస్థకు పట్టపురాణి అనదగిన రచయిత్రి డెల్టా బిడ్డే. యద్దనపూడి సులోచనారాణి 1940లో కృష్ణా జిల్లా మొవ్వ మండలం కాజ గ్రామంలో జన్మించారు. (పదకర్త క్షేత్రయ్యకూ మొవ్వకూ ఉన్న అనుబంధాన్ని గుర్తుచేసుకుంటే, శృంగారం ఆ మండలానికి పాత పరిచయమేనని సరదాగా అనుకోవచ్చు.) 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన 'సెక్రటరీ' ఆమెను ఇంటింటికీ చేర్చింది. ఉద్యోగం చేసుకుని బతకాలనుకునే మధ్యతరగతి యువతి జయంతి, సంపన్నుడైన రాజశేఖరం మధ్య ఆత్మాభిమానంతో సాగే దోబూచులాట ఆ నవల. ఆనాటి విమర్శకులు ఈ తరహా రచనలను పలాయనవాదంగా కొట్టిపారేశారు. ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. కానీ లక్షలాది స్త్రీలు ఎక్కడి నుంచి, ఎక్కడికి పలాయనం చేశారన్న ప్రశ్నను ఆ విమర్శ అడగలేదు.

విజయవాడలోనే జన్మించిన మల్లాది వెంకట కృష్ణమూర్తి ఈ నవలకు హాస్యాన్ని జతచేశారు. ఆయన 'చంటబ్బాయ్', 'రెండు రెళ్ళు ఆరు' నవలలు 1986లో జంధ్యాల దర్శకత్వంలో చిత్రాలుగా వచ్చాయి. తేలికదనాన్ని ఒక విలువగా, నేర్పుగా భావించి సాధన చేసిన రచయిత ఆయన. నవ్వించడం కోసం తప్ప మరే ప్రయోజనాన్నీ ఆశించని వాక్యాన్ని రాయడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుస్తుంది. అందువల్ల తెలుగులో క్రిస్మస్ ప్రేమ నవలిక ఒక ప్రక్రియగా స్థిరపడకపోవడానికి నేర్పు కొరవడడం, అచ్చుయంత్రం లేకపోవడం, పాఠకులు లేకపోవడం వంటి కారణాలు చెప్పడానికి వీలులేదు.

3. రెండు పండుగలు, ఒకే పంట:

కృష్ణా డెల్టాలో క్రిస్మస్‌కూ సంక్రాంతికీ మధ్య ఇరవై రోజుల దూరం. రెండూ ఒకే పంటకాలానికి చెందిన పండుగలు. విజయవాడ దగ్గర 1850లలో ఆనకట్ట పూర్తయిన తరవాత కాలువల కింద విస్తరించిన వరిసాగులో డిసెంబరు అంటే కోతలు, కుప్పలు, నూర్పిళ్ళ కాలం. కూలి చేతికి వచ్చే నెల కూడా అదే. ధాన్యం గాదెకు చేరిన తరవాత వచ్చేది సంక్రాంతి. కోతకోసినవారి చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడు వచ్చేది క్రిస్మస్. పల్లెలోని ఇళ్ళకు సున్నాలు వేయడం, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించడం, వెదురుబద్దలతో, రంగుకాగితాలతో నక్షత్రం కట్టి ఇంటిమీద వేలాడదీయడం, సంఘంలోని యువతీయువకులు రాత్రిపూట ఇంటింటికీ వెళ్ళి క్యారల్స్ పాడడం, ఇరవై నాలుగు అర్ధరాత్రి ఆరాధన, మరునాడు పలావు, అరిసెలు, కేకు: ఇదంతా ఏ సాహిత్య ఆమోదంతోనూ నిమిత్తం లేకుండా తరతరాలుగా సాగుతున్న వేడుక.

ధనుర్మాసం డిసెంబరు నడుమ మొదలవుతుంది. కాబట్టి విజయవాడలో ఒకే వీధి తెల్లవారుజామున తిరుప్పావైతో మేలుకుని, రాత్రి క్యారల్స్‌తో నిద్రపోతుంది. ఉదయం హరిదాసు వెళ్ళిన దారిలోనే రాత్రి క్రిస్మస్ తాత వేషగాడు పిల్లల గుంపుతో నడుస్తాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఒక దశలో సంక్రాంతి కానుక, క్రిస్మస్ కానుక అంటూ రెండింటినీ జంటగా పరిగణించి సరుకుల సంచులు పంచింది. చౌకధరల దుకాణానికి తట్టిన ఈ పొంతన ప్రత్యేక సంచికకు తట్టకపోవడం విచిత్రం.

తెలుగు ప్రేమ నవల ఆ వీధిలోని ఉదయాన్ని మాత్రమే తీసుకుంది. యద్దనపూడి 'మీనా' ఇందుకు చక్కని ఉదాహరణ. తల్లి ఆధిపత్యంలో పట్నంలో పెరిగిన మీనా తండ్రి తరఫు బంధువుల పల్లెకు వస్తుంది. అక్కడి మనుషులను, పనిని, పొలాన్ని, చివరకు కృష్ణను ప్రేమిస్తుంది. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో చిత్రంగా వచ్చిన ఈ కథ 2016లో త్రివిక్రమ్ శ్రీనివాస్ 'అ ఆ' చిత్రంలో మళ్ళీ ప్రాణం పోసుకుంది. పట్నం నుంచి ఊరికి రావడం, బంధువుల మధ్య ఇరుకున పడడం, వంటింట్లో పొలంగట్టున ప్రేమ మొలకెత్తడం: ఆంగ్ల క్రిస్మస్ నవలికలోని సామగ్రి అంతా ఇందులో ఉంది. మంచుకు బదులు పచ్చదనం, రొట్టెల దుకాణానికి బదులు వ్యవసాయం. ఈ పోలిక ఆంగ్లం నుంచి అనుకరణ జరిగిందని చెప్పడానికి ఉద్దేశించింది కాదు. ప్రేమకథకు ఇల్లు, ఊరు, తిరిగిరావడం ఎంత అవసరమో చూపడానికి మాత్రమే.

ఇక్కడ 'ఊరు' అనే మాటను ఆగి చూడాలి. తెలుగులో ఊరు వేరు, పల్లె లేక వాడ వేరు. మీనా తిరిగివచ్చిన ఇంటికి పొలం ఉంది. పొలం ఉంది కనుక పాడి ఉంది, పెద్ద లోగిలి ఉంది, ఆ లోగిలిలో ముగ్గు ఉంది. ప్రేమకు కావలసిన తీరుబడి పొలం నుంచే వస్తుంది. ఆ పొలంలో కోతకోసేవారి ఇంటికి కూడా పట్నం నుంచి చదువుకున్న కూతురు డిసెంబరు సెలవులకు తిరిగివస్తుంది. గుంటూరులో నర్సింగ్ చదువుతూనో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూనో ఉన్న ఆ అమ్మాయి బస్సు దిగేసరికి ఇంటిమీద నక్షత్రం వెలుగుతుంటుంది. ఆ బస్సు దిగే దృశ్యం ప్రేమ నవలకు ప్రారంభవాక్యంగా ఎదగలేదు. జనాదరణ పొందిన కథల్లో క్రైస్తవ యువతి సాధారణంగా ఆస్పత్రి వరండాలో తెల్లబట్టలతో నడిచే నర్సు, బడిలో టీచరమ్మ, కార్యాలయంలో టైపిస్టు. ఇతరుల ప్రేమకథలో ఉత్తరాలు అందించే చేయి.

4. 'మిస్సమ్మ' పరిష్కారం:

ఈ సాధారణీకరణకు ఒక గొప్ప మినహాయింపు ఉంది. తెలుగువారి అత్యుత్తమ వినోద ప్రేమకథల్లో ఒకటైన 'మిస్సమ్మ'లో కథానాయిక క్రైస్తవ యువతి. విజయా సంస్థ నిర్మాణంలో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1955 జనవరి 12న, సంక్రాంతి ముంగిట విడుదలైంది. రచయిత తెనాలికి చెందిన చక్రపాణి. దీపావళి సంచికలకు పేరుపొందిన యువ మాసపత్రికను నడిపిన చక్రపాణీ ఈయనే. పండుగ వినోదం ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు ఆ తరంలో అరుదు.

నిరుద్యోగులైన మేరీ (సావిత్రి), ఎం.టి. రావు (ఎన్.టి. రామారావు) ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తూ అప్పాపురం జమీందారు (ఎస్.వి. రంగారావు) నడిపే బడిలో చేరతారు. మేరీ తల్లిదండ్రులకు అప్పిచ్చి ఆమెను పెళ్ళాడాలని వెంటపడే డేవిడ్ (రమణారెడ్డి) ఉద్యోగానికి తక్షణ కారణం. పెళ్ళికాని ఇద్దరు ఒకే ఇంట్లో ఉండవలసి రావడం, ఒకరికొకరు చిరాకుపడడం, ఊరంతా వారిని ఆదర్శ దంపతులుగా భావించడం వంటివి నేటి ప్రేమ నవలికలలో కూడా సూత్రంగా వాడుకలో ఉన్న సన్నివేశాలు. చక్రపాణి వాటిని కాపీపుస్తకంలోని గీతల్లా కాకుండా మనుషుల స్వభావాల నుంచి రాబట్టారు.

చిత్రంలో సగానికి పైగా హాస్యం మేరీ మత విశ్వాసం నుంచి పుడుతుంది. బొట్టు పెట్టుకోవలసి రావడం, నోములు, పేరంటాలు ఆమెకు ఇబ్బంది. ఆమె కోపంలో ఒక న్యాయం ఉంది. ఆ ఇంట్లో ప్రేమగా చేసేదంతా ఆమెను ఆమె కాకుండా చేస్తుందన్న గ్రహింపు ఆ కోపం. సావిత్రి నటన ఆ కోపానికి గౌరవం తెచ్చింది. మేరీమాతను ప్రార్థించే ఘట్టంలో చిత్రం ఆమెను గేలిచేయదు. 1955 నాటి వ్యాపారచిత్రంలో అది చిన్న విషయం కాదు.

అయితే ముడి విప్పిన తీరు వేరు. మేరీ వాస్తవానికి జమీందారు దంపతులకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఆమెను పెంచినవారు మాత్రమే క్రైస్తవులు. దీనితో పెళ్ళికి అడ్డంకి అదృశ్యమవుతుంది. రావు ఎవరినీ ఎదిరించవలసిన పనిలేదు, జమీందారు దేన్నీ అంగీకరించవలసిన పనిలేదు. చిత్రం మతాంతర ప్రేమను కథాంశంగా తీసుకుని, ఆ ప్రేమ ఎన్నడూ మతాంతరం కాదని నిరూపించి ముగిసింది. తప్పిపోయిన బిడ్డ దొరకడం ప్రాచీన నాటకం నుంచి వినోద కథకు అందిన ఆచారమే కనుక చక్రపాణిని తప్పుపట్టడం ఈ చర్చకు అవసరం లేదు. కానీ ఆ ఆచారం ఇక్కడ చేసిన పనిని గుర్తించాలి. మేరీ మేరీగా ఉన్నంతకాలం ఆమె చుట్టూ హాస్యం ఉంది, పెళ్ళి మాత్రం మహాలక్ష్మికే జరిగింది.

తరవాతి చిత్రాలు ఈ ముడిని వేరు విధాలుగా పట్టుకున్నాయి. 1981లో భారతీరాజా దర్శకత్వంలో వచ్చిన 'సీతాకోకచిలక'లో బ్రాహ్మణ యువకుడు జంధ్యాన్ని, క్రైస్తవ యువతి శిలువను విడిచిపెట్టాకే వారి దారి తెరుచుకుంది. 2010 నాటి 'ఏ మాయ చేసావె'లో జెస్సీ మలయాళీ క్రైస్తవురాలు. 2022 నాటి 'అంటే సుందరానికీ'లో లీలా థామస్‌గా మలయాళ నటి నజ్రియా నటించింది. వినోదప్రధానమైన ఇటీవలి తెలుగు ప్రేమకథలు క్రైస్తవ నాయికను కోరుకున్నప్పుడు కేరళ వైపు చూడడం యాదృచ్ఛికమని తోసిపుచ్చలేం. కేరళ క్రైస్తవ యువతి అన్నప్పుడు తెలుగు ప్రేక్షకునికి మతం మాత్రమే ఎదురవుతుంది. గుడివాడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ యువతి అన్నప్పుడు కులం కూడా ఎదురవుతుంది. మతభేదాన్ని మూడు గంటల్లో నవ్విస్తూ పరిష్కరించవచ్చునని పరిశ్రమ నమ్మింది. కులభేదం విషయంలో ఆ నమ్మకం కనబడదు.

5. తేలికదనం ఎందుకు దొరకలేదు:

డెల్టాలో క్రైస్తవం చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల ప్రధానంగా అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. కానీ మతం మారిన సమూహాలు వేరే చోట నుంచి వచ్చాయి. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మంతో మాలపల్లెల వైపు కదలిక మొదలైంది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1878 జులై 3న ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అక్కడ వచ్చినవారు ప్రధానంగా మాదిగలు. చదువు, గౌరవం, ఒక పేరు వారు ఆశించినవి. క్రైస్తవం వారికి క్రిస్మస్‌నిచ్చింది. ఊరిలోని కులవ్యవస్థను మార్చలేకపోయింది.

అందువల్ల ఈ సమాజం గురించి వచ్చిన సాహిత్యం మొదటినుంచీ బరువైన పనిని తలకెత్తుకుంది. జాషువ 1941లో 'గబ్బిలం' రాశారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కంచికచర్ల (1968), కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల తరవాత వచ్చిన దళిత సాహిత్యానికి హాస్యప్రేమకథ రాసే తీరిక ఉండాలని ఆశించడం అమానుషం. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) రూతు జ్ఞాపకాల మీదుగా తరాల చరిత్రను చెబుతుంది. ఆ నవలలో రూతుకు రూబేనుపై ఉన్న ప్రేమ అత్యంత సున్నితమైనది, కానీ పాఠకుడు దాన్ని చరిత్ర గాయాల మధ్య నుంచే చూడగలుగుతాడు. ఎం.ఎం. వినోదిని 'బ్లాక్ ఇంక్' (2015) కథలలో క్రైస్తవ దళిత గృహజీవితం లోపలినుంచి కనిపిస్తుంది. అక్కడ పరిహాసం ఉంది, పదును ఉంది. అయినా ఆమె దృష్టి ప్రధానంగా అవమానం మీద, దాన్ని గుర్తించే చూపు మీద నిలిచింది. ఇది ఆ రచనల లోపం కాదు, వాటి బలం. ఆ బలం అవసరం కావడమే విషాదం.

మచిలీపట్నం నేపథ్యంలో సాగే 'కలర్ ఫొటో' (2020) చిత్రం కళాశాల హాస్యంతో మొదలై విషాదంగా ముగిసింది. ఆ ముగింపు కృత్రిమమని ఎవరూ అనలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుని హత్య జరిగిన సమాజంలో ప్రేమకథ చివర పెళ్ళిభోజనం నమ్మదగినదిగా కనిపించడానికి రచయిత చాలా శ్రమపడాలి. యద్దనపూడి నాయిక ఎదుర్కొనే అడ్డంకి అహంకారం, అపార్థం, ఆస్తి. అవి మాటలతో కరిగిపోతాయి. మాటలతో కరగని అడ్డంకి ఉన్నచోట తేలికపాటి నవల నిలబడదని ప్రక్రియను ఎరిగినవారు వాదిస్తారు. ఈ వాదన సగమే సరైనది. ఊరికీ పల్లెకూ మధ్య ప్రేమకు అది వర్తిస్తుంది. పల్లెలోని ఇద్దరు యువతీయువకుల మధ్య ప్రేమను ఈ వాదన తలచుకోనేలేదు. దళిత క్రైస్తవుల ప్రేమ అనగానే ఎవరో ఊరి అబ్బాయి లేక ఊరి అమ్మాయి రెండో పాత్రగా ఉండి తీరాలన్న ఊహ విమర్శకుని బుర్రలోనూ ఉంది.

6. చేతికందే సామగ్రి:

పల్లె లోపలి ప్రేమకు అడ్డంకులు తక్కువేమీ కాదు, పైగా వాటిలో చాలా భాగం హాస్యానికి లొంగుతాయి. ఒకే వాడలో సి.ఎస్.ఐ., ఆర్.సి.ఎం., బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు సంఘాలు ఉంటాయి. చిలకరింపు బాప్తిస్మమా, ముంచే బాప్తిస్మమా అన్నది వియ్యంకుల మధ్య కట్నం కన్నా పెద్ద తగాదా కాగలదు. నగలు పెట్టుకోని సంఘానికి చెందిన పెళ్ళికూతురు, నగలు పెట్టాలని పట్టుబట్టే అత్తగారు ఉండవచ్చు. క్రిస్మస్‌ను లోకాచారమని జరుపుకోని సంఘాలు కూడా కొన్ని ఉన్నాయి. క్యారల్ బృందానికి హార్మోనియం వాయించే యువకుడు అటువంటి ఇంటి ముందు ప్రతి రాత్రీ ఒక పాట అదనంగా పాడించడం మల్లాది వంటి రచయిత చేతిలో పడితే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఈ భేదాల వెనుక మాల, మాదిగ విభజన నీడ అక్కడక్కడ ఉంటుంది కనుక ఆ హాస్యం పూర్తిగా నిర్దోషమూ కాదు. మంచి హాస్యం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

గడువు కూడా సిద్ధంగా ఉంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు సంఘంలో ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చునని అడిగే ఆచారం కన్నా ఉత్కంఠ కలిగించే సాధనం ప్రేమ నవలకు దొరకదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ముప్పై రోజులు. రిజిస్ట్రారు కార్యాలయం గోడమీది ఆ కాగితాన్ని ఎవరు ముందు చూస్తారన్నది మరో కథ.

పేర్ల విషయం మరింత లోతైనది. 1950 రాజ్యాంగ ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు ఆ గుర్తింపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనకబడిన తరగతుల 'సి' వర్గంలో చేర్చారు. ఫలితంగా చాలా ఇళ్ళలో బడి రికార్డులో ఒక పేరు, సంఘంలో మరో పేరు నడుస్తాయి. ప్రేమ నవలలో నాయకుడు తన పేరు చెప్పే సన్నివేశం ముఖ్యమైనది. రెండు పేర్లున్న యువకుడు ఏ పేరు చెబుతాడు? శుభలేఖ మీద ఏ పేరు అచ్చు వేయిస్తారు? మిస్సమ్మలో మేరీ, మహాలక్ష్మి అన్న రెండు పేర్లు మెలోడ్రామాకు పనికివచ్చాయి. డెల్టాలో అవి దైనందిన వాస్తవం.

భాష ఒక చిక్కు. తెలుగు క్రైస్తవ సంభాషణకు తనదైన పలుకుబడి ఉంది. 'వందనాలండీ' అన్న పలకరింపు, 'సాక్ష్యం', 'దేవుని చిత్తమైతే' వంటి మాటలు ఇంట్లో సహజంగా వినిపిస్తాయి. ప్రసంగాల్లో అరిగిపోయిన ఈ మాటలను ప్రేమికుల నోట కొత్తగా వినిపించాలంటే చెవి కావాలి. మతప్రచార పత్రికలోని కథ వాటిని ఉపదేశంగా వాడుతుంది, వ్యాపార సినిమా వెక్కిరింతగా వాడుతుంది. 'దేవుని చిత్తమైతే ఆదివారం కలుద్దాం' అన్న వాక్యంలోని కొంటెతనం, భక్తి రెండూ నిజమేనని తెలిసిన రచయిత్రికే ఈ నవలిక సాధ్యం. మంచు, చిమ్నీ, రొట్టెల దుకాణం అరువు తెచ్చుకునే రచన ఆ చెవి లేనితనాన్ని దాచుకోవడానికి చేసే ఏర్పాటు.

7. పరిగె ఏరుకున్న స్త్రీ:

తెలుగు క్రైస్తవ గృహాల్లో ఈ నవలికకు మూలరూపం అనదగిన రచన బైబిలులోనే ఉంది. రూతు గ్రంథం నాలుగు అధ్యాయాల చిన్న కథ. అద్భుతాలు లేవు, యుద్ధాలు లేవు. కరవులో ఊరు విడిచిన కుటుంబంలో మగవారంతా చనిపోగా, అత్త నయోమితో కలిసి కోడలు రూతు బేత్లెహేము చేరుతుంది. అప్పుడు యవల కోత ఆరంభమైంది. ఆకలి తీర్చుకోవడానికి రూతు కోతగాళ్ళ వెనుక పరిగె ఏరుకోవడానికి వెళ్తుంది. పొలం యజమాని బోయజు ఆమె కోసం కొన్ని వెన్నులు కావాలనే విడిచిపెట్టమని పనివారికి చెబుతాడు. ప్రేమ మొదటి సంకేతం ఇక్కడ పొలంలో వదిలిన గింజ. ఆ తరవాత రాత్రి కళ్ళంలో ఇద్దరి సంభాషణ, గుమ్మం దగ్గర పెద్దల ఎదుట దగ్గరి బంధువు తన హక్కును వదులుకునే వ్యవహారం, పెళ్ళి. అత్తాకోడళ్ళ స్నేహం ఇందులో ప్రేమకథకు సమానమైన స్థానం పొందింది. మన ధారావాహికలు నేర్చుకోవలసిన సంగతి అది.

ఈ కథ జరిగిన ఊరు బేత్లెహేము కావడం వల్ల, మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిలో రూతు పేరు ఉండడం వల్ల క్రిస్మస్‌తో దీనికి నేరుగా సంబంధం ఏర్పడింది. డెల్టా పాఠకురాలికి ఇందులో అనువాదం అవసరమైన మాట దాదాపు లేదు. కోత, పరిగె, కళ్ళం, తూర్పారబట్టడం ఆమె అమ్మమ్మ చేసిన పనులు. వరికోత యంత్రాలు వచ్చాక పరిగె ఏరేవారు తగ్గారు, మాట మాత్రం ఇంకా వాడుకలో ఉంది. 'అంటరాని వసంతం'లో కథ చెప్పే స్త్రీకి రూతు అన్న పేరు ఉండడం కూడా ఈ వెలుగులో చూడదగినది.

రూతు కథను ఆదర్శీకరించడం తగదు. అందులోనూ పొలం ఉన్నది బోయజుకే. పరిగె ఏరిన స్త్రీకి యజమాని దయ చూపడం, ఆ దయ పెళ్ళిగా మారడం 'సెక్రటరీ' నుంచి నేటి వరకు సాగుతున్న సంపన్న నాయకుని సూత్రానికి పూర్వరూపమేనని స్త్రీవాద పాఠకులు ఆక్షేపించవచ్చు. కళ్ళానికి తానుగా నడిచివెళ్ళి పెళ్ళిమాట మొదట ఎత్తింది రూతేనన్న సంగతి ఆ ఆక్షేపణను కొంత తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు.

కానీ మిస్సమ్మతో పోల్చినప్పుడు ఒక వ్యత్యాసం స్పష్టంగా కనబడుతుంది. రూతు మోయాబు దేశస్థురాలు. ఇశ్రాయేలీయులు దూరంగా ఉంచిన జాతి అది. కథకుడు ఆమెను మళ్ళీ మళ్ళీ మోయాబీయురాలనే పిలుస్తాడు. ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన బేత్లెహేము బిడ్డ అని ఏ పుట్టుమచ్చా తేల్చదు. నాలుగో అధ్యాయంలో పెద్దలు కూర్చున్న గుమ్మం దగ్గర, ఊరి ప్రజలందరూ వింటుండగా, బోయజు తాను ఎవరిని పెళ్ళాడుతున్నాడో ప్రకటిస్తాడు. అప్పుడు కూడా ఆమె పేరును ఆమె జాతి పేరుతో కలిపే చెబుతాడు. అప్పాపురం జమీందారు ఇంట్లో మేరీని మేరీ అని పిలిచి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టే అవకాశం చక్రపాణికి 1955లో కనబడలేదు.